మూడడుగుల్లో ఆగే ఎడ్లు

బండి తోలేవాడికి కళ్లు ముందుకుండాలి, చేతులు పగ్గాల మీదుండాలి. నోరు లేకపోయినా నడిచిపోతుంది. ముసలయ్యకి నోరుందో లేదో కొత్తపేటలో సగంమందికి తెలియదు. అతని ఎడ్ల సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఎంత వడిలో ఉన్నా సరే, పగ్గాలు బిగించి నాలుక అంగిట్లో ఒక్కసారి టక్కుమనిపిస్తే మూడో అడుగులో నిలబడిపోతాయి. నాలుగో అడుగు వెయ్యవు.

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచిన మూడో ఏడు అది. గోదారి నీళ్లు దిగువకి తేవడానికి కోనసీమంతా కాలవలు తవ్వుతున్నారు. ఆ వేసవి ముసలయ్య తన బండినీ ఎడ్లనీ కాలవ పనికి బాడుగకి పెట్టాడు. కేశవరావు పంతులుగారిని గట్టు వెంబడి తిప్పడం అతనికి పడిన పని. పంతులుగారు కాలవ దొర దగ్గర గుమాస్తా. దొర మాట జనానికీ, జనం మాట దొరకీ చెప్పే దుబాసీ కూడా ఆయనే.

పంతులుగారు చెడ్డమనిషి కాదు. చెయ్యి చేసుకునే రకం అసలే కాదు. కాని ఆయన నోరు ఊరుకోదు. ఒంటరిగా కూచుంటే ఆయనకేదో దిగులు. బండెక్కింది మొదలు దిగేదాకా ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. పని మొదలెట్టిన రోజు ముసలయ్య ముందుకి చూస్తూనే "ఆయ్" అన్నాడు. పంతులుగారు చేతికర్రతో బండి పట్టె మీద టకటకా కొట్టారు.

"వీపుతో మాట్లాడతావేంరా? పెద్దవాడు పలకరిస్తే మొహం చూపించి జవాబు చెప్పాలని మీ ఇళ్లల్లో నేర్పలేదూ?"

నేర్పకేం. పెద్దలకి వీపు చూపించి బదులు చెప్పకూడదని పాలు తాగేనాడే నేర్పుతారు. అందుకని ముసలయ్య అప్పట్నుంచీ పంతులుగారు పిలిచినప్పుడల్లా నడుం తిప్పి, మొహం వెనక్కి పెట్టి, "ఆయ్, చిత్తమండి" అని మళ్లీ ముందుకి తిరుగుతున్నాడు. రోజుకి ఎన్నిసార్లో. సాయంత్రానికి ఎడ్ల మెడలకంటే అతని మెడే ముందు పట్టేసేది.

ఆ రోజు పొద్దున్న కూడా ఇరుసుకి కందెన పెట్టి, కాడి కింద ఎడ్ల మెడలు తడిమి చూసుకుని, పుండు లేదని నమ్మకం కుదిరాకనే పూన్చాడు. కుడిపక్క పుల్లోడు, ఎడమపక్క మైలోడు. పుల్లోడి ముక్కు మహా సున్నితం. పగ్గం వెంట్రుకవాసి లాగితే చాలు, తల తిప్పేస్తాడు.

గట్టు మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. కుడిపక్క కాలవ గొయ్యి, ఎడమపక్క చేలు. గొయ్యిలో మగవాళ్లు పారలతో తవ్వుతుంటే, ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కి అంచున పోస్తున్నారు. బండిదారి ఆ అంచుకి రెండు మూరలే ఎడం.

"ముసలయ్యా!"

తిరిగాడు. "ఆయ్."

"నిన్న కరణంగారింట్లో వంకాయ కూర తిన్నానురా. అబ్బ! అల్లం ఎంత వెయ్యాలో అంతే వేశారు."

"చిత్తమండి." ముందుకి తిరిగాడు.

"ఒరేయ్, నీ ఎడమ ఎద్దు కొమ్ము వంకరేంరా?"

తిరిగాడు. "పుట్టుకతోనండి." ముందుకి తిరిగాడు.

"దొరకి కొబ్బరినీళ్లు పడవట. విన్నావా? ఈ సీమలో ఉండి కొబ్బరినీళ్లు పడవంటే వాడేం బతుకుతాడ్రా!"

"ఆయ్."

అంతవరకూ ఏమీ కాలేదు. వాటికి ఆలోచించి చెప్పాల్సిన పని లేదు. ఆయ్ అంటే సరిపోయేది. తర్వాత పంతులుగారు ఇంకోటి అడిగారు.

"పనసతొనలు తేనెలో నానేసుకుని తిన్నావురా ఎప్పుడన్నా?"

ముసలయ్య తిరిగాడు. తిన్నాడా? పనస తిన్నాడు. తేనె నాకాడు. రెండూ కలిపి ఎప్పుడైనా తిన్నాడా? అత్తారింట్లో ఒకసారి పెట్టినట్టు గుర్తు. అది తేనో, బెల్లప్పాకమో. మనసు అత్తారింటి వసారాలోకి వెళ్లి కూచుంది. పెద్దాయనకి అబద్ధం చెప్పకూడదు కదా అని ఇంకాస్త తిరిగి, "తేనో పాకమో సరిగ్గా..." అంటున్నాడు. నడుంతోపాటు కుడిచెయ్యి కూడా వెనక్కి వచ్చింది. చేతితో పాటు పగ్గం వచ్చింది. పుల్లోడు చెప్పిన మాట వినే ఎద్దు. కుడివైపుకి తల తిప్పాడు.

బండి కుడిపక్క పైకి లేచి దిగింది. పటుక్కుమని ఏదో విరిగింది. తట్ట అనుకున్నాడు ముసలయ్య.

ముందుకి తిరిగి నాలుక టక్కుమనిపించాడు. ఎడ్లు మూడడుగుల్లోనే ఆగాయి. కాని ఆ మూడడుగులూ చక్రం చిన్నమ్మలు కాలు దాటాక వేసినవి.

చిన్నమ్మలు మట్టి మోసే మనిషి. గట్టు అంచున కూలబడి ఉంది. అరవలేదు. మోకాలి కింద కాలు ఎటు ఉండాలో అటు లేదు. ఆమె దాన్ని చూడకుండా పక్కన దించిన తట్టవంక చూస్తోంది. తట్ట చెక్కు చెదరలేదు. గొయ్యిలోంచి ఆమె మొగుడు ఏసుపాదం పార పడేసి, నాలుగు కాళ్ల మీద పాకుతున్నట్టు గట్టెక్కాడు.

"చంపేసేరు! నా ఇంటిదాన్ని చంపేసేరు బాబో!"

ముసలయ్య నొగల మీంచి ఎప్పుడు దూకాడో అతనికే తెలియదు. "బండిలో వెయ్యండి, బండిలో వెయ్యండి" అంటున్నాడు. ఒక మనిషి చిన్నమ్మలు చంకల కింద చేతులు వేశాడు.

"బండిలోనా?" అన్నారు పంతులుగారు. ఆయన మొహం పాలిపోయింది. అయినా బండి దిగలేదు. "నేను కూచునే బండిరా ఇది. వాళ్లని ఎలా ఎక్కిస్తావు? వాళ్ల పేటలోంచి మంచం తెప్పించండి. ఊఁ, తొందరగా!"

మంచం వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. అంతసేపూ చిన్నమ్మలు గట్టు మీదే పడుకుంది. అంతసేపూ ముసలయ్య ఆమె మొహం మీద ఎండ పడకుండా ఎద్దుని అడ్డం పెట్టి నిలబెట్టాడు. అది తప్ప చెయ్యడానికి అతనికేం తోచలేదు.

*

కాలవ పని గుడారం దగ్గర పంతులుగారు రెండు చెంబుల మజ్జిగ తాగి, కండువాతో మెడ తుడుచుకుని, ముసలయ్యని పిలిచారు.

"నిద్రపోయావురా?"

"లేదండి."

"మరేమైంది?"

"తమరు పలకరించేరండి."

"అయితే?"

"తిరిగేనండి."

పంతులుగారు అతన్ని పైనుంచి కిందికి చూశారు. కోపం కాదది. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. "తిరిగితే ఏం? నేను మాట్లాడింది నోటితో. నువ్వు తోలేది చేత్తో. నోటికీ చేతికీ ఏం సంబంధంరా? మా ఆవిడ ఊరందరి కబుర్లూ చెప్తూ పప్పు రుబ్బుతుంది. ఒక్కనాడు వేలు నలగలేదు."

ముసలయ్య నేలకేసి చూశాడు. ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నవాడికి తెలిసిన సంగతి అది. చెప్పడానికి మాటలే లేవు. ఎలాగో కూడగట్టుకున్నాడు.

"మాట వింటున్నంతసేపూ చెయ్యి నాది కాదండి."

"ఎవరిదిరా మరి? నాదా?"

ముసలయ్య బదులు చెప్పలేదు. అదే బదులని ఆయనకి తట్టలేదు.

"ఇదుగో, విను" అన్నారు పంతులుగారు గొంతు తగ్గించి. "ఎండకి కునుకు పట్టిందని చెప్పు. కునుకు ఎవడికి పట్టదు? రేపు దొర వస్తాడు. నేను నాలుగు మాటలు సర్ది చెప్తాను. లేనిపోనివి పెట్టుకోకు. సరేనా?"

"పట్టలేదండి కునుకు" అన్నాడు ముసలయ్య.

మర్నాడు దొర గుర్రం మీద వచ్చాడు. ఎర్రటి మనిషి, చిన్న వయసు. మోచేతుల దాకా మట్టి. పనివాళ్లతోపాటు గొయ్యిలోకి దిగేవాడు. గట్టు మీద కుర్చీ వేయించుకోకుండా నిలబడే అడిగాడు. పంతులుగారు తెలుగులో అందించారు.

"ఎటు చూస్తున్నావని అడుగుతున్నారు దొరగారు."

ముసలయ్య దొరవంక చూడలేదు. పంతులుగారి వంకే చూశాడు. "తమరు పలకరిస్తే తమరి వంక చూసేనని చెప్పండి బాబూ. పనసతొనల మాట అడిగేరని చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. పంతులుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన దొర వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. ముసలయ్య చెప్పింది నాలుగు మాటలు. ఇంగ్లీషులో అవి నలభై అయ్యాయి. దొర తల ఊపాడు.

"ఏం చెప్పేరండి?"

"నువ్వు చెప్పిందే చెప్పేనురా."

గోడకి చెప్పుకుంటే చెప్పిన మాటైనా చెప్పినట్టే ఉంటుంది. ఇక్కడ చెప్పిన మాట ఏ రూపంలో అవతలికి వెళ్లిందో తెలియలేదు. ముసలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మట్టిపని మేస్త్రీ మాణిక్యం మంచివాడు. తోటివాడికి సాయం చేద్దామనుకున్నాడు. ముందుకి వచ్చి వంగి దండం పెట్టి, "దొరగారండీ, ముసలయ్య ఎడ్లంటే ఈ సీమలోనే పేరండి. పరిగెడుతున్నా మూడడుగుల్లో ఆగిపోతాయండి. ఎన్నడూ ఎవర్నీ తగిలిన పాపాన పోలేదండి" అన్నాడు.

పంతులుగారు అది చక్కగా అందించారు. అందులో ఒక్క మాట తగ్గలేదని దొర మొహం చూస్తేనే తెలిసింది. అతను ఎడ్ల దగ్గరికి వెళ్లి గంగడోళ్లు నిమిరాడు. జేబులోంచి గడియారం తీసి చూశాడు. కాసేపు గట్టు మీద అడుగులు కొలుచుకుంటూ నడిచాడు. తర్వాత చెప్పాడు. పంతులుగారు దాన్ని జనానికి వినిపించారు.

"రేపు పొద్దున్న ఆ మనిషి నిలబడ్డచోట ఉత్త తట్ట పెడతారు. ముసలయ్య అదే వడిలో బండి తోలుకు రావాలి. ఎడ్లు తట్ట ముందు ఆగలేకపోయాయా, అది ఎవరి తప్పూ కాదు. బండి తోలుకుని ఇంటికి పోవచ్చు. ఆగాయా, ముసలయ్య కళ్లు మూసుకుని తోలినట్టే లెక్క. బండీ ఎడ్లూ సర్కారు పట్టుకుంటుంది."

న్యాయంగానే ఉందన్నారు జనం. ఏసుపాదం మాత్రం ఉమ్మేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ముసలయ్య దొడ్లో ఎడ్లకి తవుడు కలిపి పెడుతుంటే పెళ్లాం పైడమ్మ వచ్చి నిలబడింది. సంగతంతా ఊరు ఆమెకి ముందే చేరేసింది.

"ఏవయ్యా, రేపు ఆపకు."

ముసలయ్య తవుడులో చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు.

"నీకే చెప్తున్నాను. ఉత్త తట్ట అది. మీంచి పోనీ. విరిగితే విరుగుతుంది. ఈ రెండూ పోతే మనం తినేదేంటి? మన్నా?"

"ఆపకుండా ఉండడం నాకు రాదే" అన్నాడు ముసలయ్య. "ఎదరేదో కనపడితే చెయ్యి దానంతటదే లాగేస్తుంది. వీటికీ అంతే."

"ఓ ఘడియ కళ్లు మూసుకో."

"నువ్వూ దొరలాగే అంటన్నావు."

పైడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ముసలయ్య చెయ్యి కడుక్కుని, తన మనసులో ఉన్నది చెప్పాడు.

"పంతులుగారిని బండెక్కమంటాను. ఆరోజు ఎలా కూచున్నారో అలా. ఆయన పలకరిస్తారు. నేను తిరుగుతాను. ఏమైందో దొర కళ్లారా చూస్తాడు. ఇంక ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు."

"ఆయన పలకరించకపోతే?"

ముసలయ్యకి నవ్వొచ్చింది. రెండురోజుల్లో అదే మొదటి నవ్వు. "ఆయనా? ఊరుకోడమా? ఆయన నిద్దట్లో కూడా ఊరుకోరే పిచ్చిదానా."

*

పొద్దున్న గట్టంతా జనం. ఆ రోజు పార పట్టినవాడు లేడు. తీర్థానికి వచ్చినట్టు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గొయ్యి అవతల బారులు తీరారు. తట్ట పెట్టారు. దాని పక్కన దొర గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

ముసలయ్య బండిని కొబ్బరితోట మలుపు దాకా తీసుకెళ్లే ముందు దొర ఎదటికి వచ్చాడు. పంతులుగారిని చూపించాడు. బండి చూపించాడు. కూచున్నట్టు చేత్తో సైగ చేశాడు. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. దొరకి అర్థమైంది. నిజమే, బరువు కూడా ఆరోజు ఉన్నంత ఉండాలి కదా అన్నట్టు తల ఊపి పంతులుగారిని ఎక్కమన్నాడు.

పంతులుగారు ఎక్కారు. కండువా సర్దుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూచున్నారు.

మలుపు దగ్గర ముసలయ్య బండి తిప్పి, నొగల మీద కూచుని, పగ్గాలు పట్టుకున్నాడు. మాణిక్యం దూరంనుంచి తుండుగుడ్డ ఊపాడు. ఎడ్లు కదిలాయి. మొదట నడక, తర్వాత చిన్న పరుగు. చక్రాలు పచ్చిమట్టిలో మెత్తగా దిగబడుతున్నాయి.

ముసలయ్య చెవులు రెండూ వెనక ఉన్నాయి. మెడ సిద్ధంగా ఉంది. ముసలయ్యా అంటే చాలు, తిరుగుతాడు. ఎన్నాళ్లనుంచో విసుక్కుంటున్న ఆ గొంతు కోసం వానకి మొహం వాచినవాడిలా ఎదురుచూస్తున్నాడు.

కిర్రుమంటోంది ఇరుసు. పంతులుగారు దగ్గారు. దగ్గు వినగానే ముసలయ్య భుజం కదిలింది. కాని మాట రాలేదు.

పిల్లలు కనిపిస్తున్నారు. దొర టోపీ కనిపిస్తోంది. "అయ్యగారండీ" అని తనే పలకరిద్దామా అనుకున్నాడు. తనంతట తను పెద్దవాళ్లని పలకరించి మాట్లాడించడం అతను పుట్టి ఎన్నడూ ఎరగడు. నాలుక లేవలేదు.

పలకండి బాబూ. వంకాయ మాటైనా సరే. కొబ్బరినీళ్ల మాటైనా సరే.

తట్ట కనిపించింది. దాని వెదురు అల్లిక, అంచుకి కట్టిన తాడు, లోపల అంటుకున్న ఎండుమట్టి, అన్నీ కనిపించాయి. వెనక ఎవరూ మాట్లాడకపోతే ఎంత దూరం నుంచి ఎంత బాగా కనపడుతుందో అతనికి ఆ వేళే తెలిసింది. దాని పక్కన వట్టి గాలిలో చిన్నమ్మలు నిలబడినట్టే ఉంది. చేతులు వాటంతటవే బిగిశాయి. నాలుక టక్కుమంది.

ఒకటి. రెండు. మూడు.

పుల్లోడి ముట్టె తట్టకి జానెడు దూరంలో ఆగింది. మైలోడు ముక్కులోంచి బుస్సుమన్నాడు. కాడి కిందకి దుమ్ము దిగింది.

జనం ఒక్కసారి హో అన్నారు. అవతలి గట్టు మీద ఎవడో ఈల వేశాడు. "ఓరి నీ ఎడ్లు బంగారం కానూ!" అన్నాడు మాణిక్యం. దొర గడియారం మూసి, నవ్వుతూ వచ్చి పుల్లోడి నుదురు తట్టి, తనకి వచ్చిన తెలుగు మాట అన్నాడు. "బాగు! చాలా బాగు!"

ముసలయ్య వీపు నిటారైంది. ఎంత కాదన్నా ఇరవై ఏళ్ల పనితనం. నలుగురి ఎదటా మెచ్చుకుంటే ఒళ్లు పొంగకుండా ఎలా ఉంటుంది? ఆ ఒక్క ఘడియ అతను అన్నీ మరిచిపోయి నవ్వాడు. దొర ఆ నవ్వు చూశాడు. చూసి తన నవ్వు ఆపేశాడు.

అప్పుడు కళ్లకి పైడమ్మ కనిపించింది. ఆడవాళ్ల వరసలో చివర నిలబడి ఉంది. ఆమె అతన్ని చూడటం లేదు. ఎడ్లని చూస్తోంది, చివరిసారి చూస్తున్నట్టు.

దొర చెప్పిన తీర్పు పంతులుగారు చదివినట్టు వినిపించారు. గొంతులో జీవం లేదు. "ఇంత బాగా ఆగే ఎడ్లున్నప్పుడు తప్పు తోలినవాడిదే. కాలు విరిగిన మనిషి తన కాళ్ల మీద తను నడిచేదాకా బండీ ఎడ్లూ సర్కారు పనిలో ఉంటాయి. నడిచిన రోజు వచ్చి తీసుకెళ్లచ్చు."

ముసలయ్య బండి పక్కనే నిలబడి, దిగుతున్న పంతులుగారికి అలవాటు చొప్పున చెయ్యి ఆసరా ఇచ్చాడు.

"తమరు మాట్లాడలేదండి."

పంతులుగారు అతని మొహంలోకి చూడలేదు. "ఏం మాట్లాడమంటావురా? దొర చూస్తున్నాడు."

*

రెండు రోజులు ముసలయ్య ఇంట్లోంచి కదల్లేదు. దొడ్లో గడ్డి వామి దగ్గర కూచుని, ఎవరికి వెయ్యాలో తెలియని గడ్డి దూసి పక్కన పెట్టేవాడు. మూడో రోజు కండువా భుజాన వేసుకుని పేటకి బయల్దేరాడు.

ఏసుపాదం గుడిసె ముందు చింపిచాప మీద చిన్నమ్మలు పడుకుని ఉంది. ఎముకలు కట్టే అతనొచ్చి కాలికి వెదురుబద్దలు వేసి కట్టాడు. కట్టు దిగువ పాదం నల్లగా ఉబ్బింది. ఏసుపాదం ముసలయ్యని చూసి లేచాడు. కొట్టడానికే లేచాడు.

"ఉండయ్యా" అంది చిన్నమ్మలు. "రానీ."

ముసలయ్య కాస్త ఎడంగా నేల మీద కూచున్నాడు. ఏం చెప్పాలో ఆలోచించుకు రాలేదు. ఆలోచించినా వచ్చేది కాదు.

"మీ ఎడ్లు ఆగేయంటగా బాబూ" అంది ఆమె.

"ఆగేయి."

"ఎంతలో?"

"మూడడుగుల్లో."

"మంచి ఎడ్లు" అంది చిన్నమ్మలు. ఎత్తిపొడుపు లేదు అందులో. "మీ మెడ వెనక్కుందని ఆరోజు బండి దగ్గరికి రాకముందే అక్కడున్న ఆడోళ్లం అందరం చూసేం. పంతులుగారు ఏదో అంటన్నారు. మీరు ఏదో చెప్తన్నారు" అంది.

ముసలయ్య తలెత్తాడు. "చూసేవా? మరి దొరతో..."

"మమ్మల్నెవరడిగేరు బాబూ?"

"ఇప్పుడు చెప్తే?"

"చెప్తే పంతులుగారేగా దాన్ని దొరకి చెప్పేది" అన్నాడు ఏసుపాదం కసిగా.

చిన్నమ్మలు మోచెయ్యి మీద కాస్త లేచి, కాలు కదిపి, మూలిగి మళ్లీ ఒరిగింది.

"ఒకటి చెప్తాను. మీరు కుమిలిపోమాకండి. నేను పక్కకి తప్పుకోవచ్చు. నాలుగడుగుల ముందే గంటలు వినపడ్డాయి. పంతులుగారి బండొస్తే తట్ట దించి దండం పెట్టాలని మేస్త్రీ చెప్పేడు. తట్ట దించేను. వంగేను. వంగినోళ్లకి చక్రం ఏం కనపడతాది బాబూ? నేల కనపడతాది."

ఇన్నాళ్లూ తనొక్కడే పంతులుగారికి మర్యాద చేస్తున్నాననుకున్నాడు ముసలయ్య.

"ఇప్పుడేమవుద్ది మరి?" అన్నాడు.

"ఏమవుద్ది? ఈయన తవ్వితే మొయ్యడానికి మనిషి లేదు. తట్టమనిషి లేనోడికి గొయ్యి ఇవ్వరు. ఎల్లుండి దాకా చూస్తానన్నాడు మేస్త్రీ. తర్వాత వేరేవోళ్లకి ఇచ్చేస్తాడు. మా అప్ప ఉండేది, పోయింది. ఇంకెవరున్నారు?"

ముసలయ్య లేచి దులుపుకుని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న ఏసుపాదం పార భుజాన వేసుకుని వెళ్లేసరికి గొయ్యిలో ముసలయ్య కూచుని ఉన్నాడు. పాత తుండుగుడ్డ చుట్టి చుట్టకుదురు చేసుకుంటున్నాడు.

"ఇదేంటి?" అన్నాడు ఏసుపాదం.

"తవ్వు" అన్నాడు ముసలయ్య.

గట్టు మీద నవ్వులకి కొదవేముంది. "ముసలయ్యగారు ఎద్దుల్ని వదిలి తనే కాడి కిందకొచ్చేడ్రోయ్!" అన్నాడొకడు. "పేటోళ్ల తట్ట మోస్తే ఇంట్లోకి రానిస్తదా పైడమ్మ?" అన్నాడింకొకడు. పైడమ్మ ఆ మాట అడిగేసింది ముందే. రాత్రి కూడు పెడుతూ అడిగింది. అతను ముద్ద కలుపుకున్నాడు. ఆమె కంచం లాక్కోలేదు.

మొదటి రోజు మెడ విరిగిపోయిందనుకున్నాడు. తిరిగితిరిగి పట్టేసిన మెడ అది. రెండో రోజుకి చూపు తిన్నగా పెట్టి నడవడం పట్టుబడింది. తట్ట నెత్తినున్నవాడు ఎటూ తిరగడు.

మూడో రోజు ఎండెక్కే వేళ గంటలు వినిపించాయి. చూడకుండానే పోల్చుకున్నాడు. పంతులుగారి బండి. కాడి కింద పుల్లోడు, మైలోడు. నొగల మీద ఎవరో పొరుగూరి మనిషి. లోపల పంతులుగారి గొంతు ఎప్పటిలాగే గలగలా వినిపిస్తోంది. ఆ మనిషి మెడ వెనక్కి ఉంది.

"దండాలు! దండాలు!" అని కేకేశాడు మాణిక్యం.

గట్టు పొడవునా తట్టలు దిగాయి. ఆడవాళ్లందరూ వంగారు. ముసలయ్య ఒక్కడే వంగలేదు. తట్ట నెత్తి మీదే ఉంచుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, పక్కన వంగిన ముసలమ్మ రెక్క పట్టుకుని తనవైపు జరుపుకున్నాడు. ఆమె ఏంటి బాబూ అని గొణిగింది. అతను కుడిచక్రం మీదే చూపు పెట్టాడు. దాని ఆకులు తిరుగుతున్నాయి. ఇరుసుకి కందెన చాల్లేదు. చక్రం వాళ్ల కాళ్లకి మూరెడు దూరంలోంచి వెళ్లింది. ఏమీ కాలేదు. పంతులుగారు అతన్ని చూశారో లేదో. చెప్తున్న మాట ఆపలేదు.

"ఒరేయ్ ముసలయ్యా! అందరూ దండం పెడుతుంటే నీకేం వచ్చిందిరా?" అని అరిచాడు మాణిక్యం. "నువ్వు పెట్టకపోతే నా పని ఊడుద్దిరా బాబూ!"

బండి మలుపు దాకా వెళ్లింది. చక్రాల వెనక దుమ్ము గట్టు మీద తెరలా లేచి నిలబడింది. ముసలయ్య దాన్ని మలుపు దాటేదాకా చూశాడు. తర్వాత తట్ట దించి, వట్టి దారి మీద మిగిలిన దుమ్ముకి నడుం వంచి దండం పెట్టాడు.